చుట్టూ డివ్ లేకుండా ఎలిమెంట్లని కలిపి కట్టడం: ఫ్రాగ్మెంట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను భీమవరంలో ఉంటూ రొయ్యల వ్యాపారులకీ, చుట్టుపక్కల దుకాణాలకీ వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. సాయంత్రాలు డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలు నలుగురైదుగురు రియాక్ట్ (వెబ్ పేజీలు ముక్కలుగా కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేర్చుకోవడానికి వస్తారు. మొదటి వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ప్రతిదాని చుట్టూ ఈ డివ్ ఎందుకండీ?" డివ్ అంటే సొంత అర్థం లేని, ఉత్త పెట్టె లాంటి హెచ్‌టీఎమ్ఎల్ ట్యాగ్. అలా అడిగారంటే నాకు సంతోషం. డివ్ మీద డివ్ పేర్చుకుంటూ పోయేవాళ్లలో చాలామందికి ఆ అనుమానమే రాదు. ఈ విషయం మీద ఇన్నాళ్లుగా నన్ను అడిగినవన్నీ, నాకు నేను వేసుకున్నవి కూడా కలిపి, ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

## ఫ్రాగ్మెంట్ అంటే ఏంటి?

కోనసీమలో దింపు తీసిన దగ్గర్నుంచి రెండు కొబ్బరికాయలు ఇంటికి పట్టుకెళ్లాలంటే సంచి కోసం వెతకరు. రెండు కాయల పీచూ కాస్త చీల్చి, ఆ పీచుతోనే ముడేసి భుజాన వేసుకుంటారు. ఇంటికెళ్లి ముడి విప్పితే మళ్లీ రెండు కాయలే. ఫ్రాగ్మెంట్ కూడా అలాంటి ముడే. కోడ్‌లో రెండు మూడు ఎలిమెంట్లని ఒకటిగా కట్టి అందిస్తుంది. పేజీ తయారయ్యేసరికి ఆ ముడి కనిపించదు, లోపలివి మాత్రం డామ్‌లో (బ్రౌజర్ దగ్గరుండే పేజీ ఎలిమెంట్ల చెట్టులో) వాటి చోట్లలో కూర్చుంటాయి.

రియాక్ట్‌లో దీన్ని రెండు రకాలుగా రాస్తాం. ఫ్రాగ్మెంట్ అనే పేరుతోనే ట్యాగ్ రాయొచ్చు. లేదంటే పేరు లేకుండా <> అని తెరిచి </> అని మూసేయొచ్చు. రోజువారీ పనిలో ఎక్కువగా రాసేది రెండోదే.

## కాంపోనెంట్ ఒక్కటే ఎలిమెంట్ ఇవ్వాలని ఎందుకు పట్టుబడుతుంది?

ఇది రియాక్ట్ పెట్టిన రూల్ అనుకుంటారు గానీ, దీని మూలం జావాస్క్రిప్ట్‌లో ఉంది. రియాక్ట్‌లో ట్యాగులు రాసే పద్ధతైన జేఎస్ఎక్స్ చూడ్డానికి హెచ్‌టీఎమ్ఎల్ లాగే ఉంటుంది. బ్రౌజర్‌కి వెళ్లేముందు ప్రతి ట్యాగూ ఒక ఫంక్షన్ పిలుపుగా మారిపోతుంది, ఆ పిలుపు ఒక ఆబ్జెక్ట్‌ని ఇస్తుంది. పేజీలో ఒక ముక్కని తయారుచేసే కాంపోనెంట్ అంటే ఫంక్షనే. ఫంక్షన్ ఒకసారికి ఒక్క విలువే తిరిగి ఇస్తుంది. రెండు ఆబ్జెక్టులు పక్కపక్కన రాసి రెండూ పంపమంటే జావాస్క్రిప్ట్‌కి అది అర్థమయ్యే వాక్యమే కాదు. వాటిని దేనిలోనో పెట్టి ఇవ్వాలి. డివ్ కావచ్చు, అర్రే కావచ్చు, ఫ్రాగ్మెంట్ కావచ్చు.

షరతు పెట్టి చూపించేటప్పుడు కూడా ఇదే చిక్కు వస్తుంది. స్టాక్ ఉంటే ధర, బటన్ రెండూ చూపించాలనుకోండి. అక్కడా ఆ రెండింటినీ ఒకటిగా కట్టాలి. జేఎస్ఎక్స్‌ని ఒక వేరియబుల్‌లో దాచుకున్నా అంతే.

## ఒక డివ్ ఎక్కువైతే మునిగిపోయేదేముంది?

చాలాచోట్ల ఏమీ మునిగిపోదు. కొన్నిచోట్ల మాత్రం పేజీ చెప్పాల్సిన విషయమే తప్పుగా చెప్తుంది. నాకు జరిగింది చెప్తాను.

ఒక రొయ్యల వ్యాపారికి రోజువారీ రేట్ల పేజీ చేశాను. మా ప్రాంతం కానివాళ్ల కోసం ఒక్క మాట: రొయ్యని కౌంట్ ప్రకారం కొంటారు. కిలోకి ముప్పై రొయ్యలు తూగితే 30 కౌంట్, వంద తూగితే 100 కౌంట్. రొయ్య ఎంత పెద్దదైతే కౌంట్ అంత తక్కువ, రేటు అంత ఎక్కువ. నా టేబుల్‌లో మూడు నిలువు వరసలు: కౌంట్, నిన్నటి రేటు, ఈరోజు రేటు. రైతు చూసేది చివరిదే. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) ఈరోజు పెట్టాలా, రెండు రోజులు ఆగాలా అన్నది దాన్ని బట్టే ఆలోచించుకుంటాడు.

ఒక రోజు కోడ్ శుభ్రం చేద్దామని కూర్చుని, రెండు రేట్ల గడుల్నీ తీసి వేరే కాంపోనెంట్‌గా చేశాను. ఆ కాంపోనెంట్ రెండు టీడీలు (టేబుల్ గడి ట్యాగులు) ఇవ్వాలి. ఎర్రర్ వచ్చింది. చేయి అలవాటుగా రెండింటి చుట్టూ ఒక డివ్ పెట్టేసింది. ఎర్రర్ పోయింది. బ్రౌజర్‌లో హెచ్చరికలు చూపించే కన్సోల్‌లో ఎర్ర అక్షరాలు వస్తున్నా, పొద్దుపోయిందని చూడకుండా పైకి ఎక్కించేశాను.

తెల్లారి ఒక రైతు చెరువు గట్టు మీద నుంచి ఫోన్ చేశాడు. "ఈరోజు రేటు వెయ్యలేదేంటండీ? గడి ఖాళీగా ఉందండీ." రేటు వేశారు. డేటాలో ఉంది. పేజీలో చూస్తే రెండు రేట్లూ పక్కపక్కన "నిన్నటి రేటు" కింద ఇరుక్కుని ఉన్నాయి. "ఈరోజు రేటు" కింద అన్ని వరసల్లోనూ తెల్లగా ఖాళీ.

జరిగింది ఇది. టేబుల్ వరసలో, అంటే టీఆర్ లోపల, నేరుగా ఉండాల్సింది గడులే. అక్కడ డివ్ కనిపిస్తే బ్రౌజర్ దాని చుట్టూ తానే ఒక గడి ఊహించుకుంటుంది. ఆ ఊహాగడి రెండో నిలువు వరసలో కూర్చుంది. నా రెండు టీడీలూ ఆ ఒక్క గడిలో చిన్న టేబుల్‌లాగా సర్దుకున్నాయి. మూడో నిలువు వరసకి ఏమీ మిగల్లేదు. డివ్ తీసి ఆ చోట <> </> పెట్టాను. రెండు టీడీలూ నేరుగా టీఆర్ కిందకి వచ్చి ఎవరి గడిలో వాళ్లు కూర్చున్నాయి. మార్పు ఒక్క నిమిషం పని. అప్పటిదాకా ఎంతమంది ఆ ఖాళీ గడి చూసి ఈరోజు కొనడం లేదనుకున్నారో అన్న టెన్షన్ మాత్రం రోజంతా పోలేదు.

## నా టేబుల్ ఒక్క క్షణం సరిగ్గా కనిపించి, తర్వాత చెదిరిపోతోంది. ఎందుకు?

మీ పేజీ సర్వర్‌లో తయారై వస్తోందా? అయితే కారణం ఇదే అయ్యుండొచ్చు. ఈ వింత తెలియక రాత్రుళ్లు సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) తవ్వుకున్నవాళ్లని చూశాను.

సర్వర్ నుంచి వచ్చేది హెచ్‌టీఎమ్ఎల్ అక్షరాలు. దాన్ని బ్రౌజర్ చదివేటప్పుడు టేబుళ్ల విషయంలో కఠినమైన నియమాలు పాటిస్తుంది. టీఆర్ లోపల డివ్ కనిపిస్తే దాన్ని ఎత్తి టేబుల్‌కి ముందు పెట్టేస్తుంది. ఆ వెంటనే టీడీ వస్తే, దాన్ని మాత్రం టీఆర్‌లోనే ఉంచుతుంది. అంటే ఖాళీ డివ్‌లు టేబుల్ పైకి పోతాయి, గడులు సరైన చోట ఉండిపోతాయి. కంటికి అంతా బాగానే ఉంటుంది.

తర్వాత రియాక్ట్ లేచి, సర్వర్ ఇచ్చిన దానికీ తన లెక్కకీ సరిపోల్చుకుంటుంది. దీన్నే హైడ్రేషన్ అంటారు. తన లెక్కలో టీఆర్ కింద డివ్ ఉండాలి, అక్కడ చూస్తే టీడీ ఉంది. లెక్క తప్పిందని ఆ భాగాన్ని తానే మళ్లీ కడుతుంది. జావాస్క్రిప్ట్‌తో కట్టేటప్పుడు ఆ చదివే నియమాలు అడ్డురావు, టీఆర్‌లో డివ్ పెట్టమంటే పెట్టేస్తుంది. అప్పుడు గడులు ఇరుక్కుపోతాయి. మన కంటికి కనిపించే ఆ చెదిరిపోవడం అదే.

టీఆర్ లోపల డివ్ ఉండకూడదని రియాక్ట్ కన్సోల్‌లో ముందే చెప్తుంది. ఆ హెచ్చరికని పసుపు ఎరుపు గీతల్లో ఒకటి అనుకుని వదిలేయకండి.

## టేబుల్ కాకుండా ఇంకెక్కడ ఇబ్బంది?

యూఎల్, ఓఎల్ జాబితాల్లో నేరుగా ఉండాల్సింది ఎల్ఐలే. మధ్యలో డివ్ దూరితే చూపులో తేడా తెలియకపోవచ్చు. స్క్రీన్ రీడర్ (పేజీని చదివి వినిపించే సాధనం) వాడేవాళ్లకి జాబితా లెక్క చెడిపోయే వీలుంది. డీఎల్ ఒక్కటి మినహాయింపు. అందులో డీటీ, డీడీ (పదం, దాని వివరణ) జతల చుట్టూ డివ్ పెట్టుకోవడానికి హెచ్‌టీఎమ్ఎల్ ప్రమాణమే అనుమతి ఇస్తుంది. "కౌంట్ అంటే ఇది, పట్టుబడి అంటే ఇది" అని పదాల వివరణ పెట్టేటప్పుడు ప్రతి జత కిందా గీత కావాలంటే ఆ డివ్ పెట్టుకోండి, తప్పులేదు.

తర్వాత ఫ్లెక్స్, గ్రిడ్ (ఎలిమెంట్లని వరసల్లో సర్దే సీఎస్ఎస్ పద్ధతులు). ఇక్కడ హెచ్‌టీఎమ్ఎల్ తప్పేమీ ఉండదు, అందుకే హెచ్చరికా రాదు. గ్రిడ్ తన నేరు పిల్లల్నే గడుల్లో కూర్చోబెడుతుంది, మనవళ్లని పట్టించుకోదు. కడియం నర్సరీ మొక్కల కేటలాగ్ లాంటిది మూడు వరసల గ్రిడ్‌లో పెట్టారనుకుందాం. గులాబీలు రెండు రకాలు కలిపి ఒక కాంపోనెంట్ ఇస్తోంది. అది డివ్‌లో చుట్టి ఇస్తే రెండు గులాబీ కార్డులూ ఒకే గడిలో ఒకదాని కింద ఒకటి ఇరుకుతాయి, పక్కన మందారం ఒక్కతే దర్జాగా కూర్చుంటుంది. గ్యాప్ కూడా ఆ రెండు గులాబీల మధ్య పడదు. ఫ్రాగ్మెంట్ అయితే రెండూ గ్రిడ్‌కి నేరు పిల్లలు అవుతాయి.

ఫారాలకి ఇది మరీ పనికొస్తుంది. ఎడమ వరసలో లేబుల్, కుడి వరసలో ఇన్‌పుట్ ఉండే గ్రిడ్ పెట్టి, లేబుల్, ఇన్‌పుట్ రెండూ ఇచ్చే కాంపోనెంట్ రాసి, ఫ్రాగ్మెంట్‌లో కట్టండి. లేబుళ్లన్నీ ఒక గీత మీద, ఇన్‌పుట్లన్నీ ఒక గీత మీద నిలబడతాయి. తెలుగు లేబుళ్లు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు ఉంటాయి కదా. "ఊరు" పక్కన "చెరువు విస్తీర్ణం" వచ్చినా వంకర రాదు.

సీఎస్ఎస్‌లో "నేరు పిల్ల", "మొదటి పిల్ల", "ప్రతి రెండోది" అని రాసిన సెలెక్టర్లు కూడా మధ్యలో డివ్ వస్తే గురి తప్పుతాయి. వరస విడిచి వరస రంగు వేసిన చోట ముందు అక్కడ చూడండి.

## <> సరిపోతుండగా ఫ్రాగ్మెంట్ అని పేరుతో రాయడం ఎందుకు?

కీ కోసం. జాబితాలో ఏది ఏదో రియాక్ట్ గుర్తుపట్టడానికి ఒక్కోదానికీ ఇచ్చే గుర్తే కీ. పేరులేని దాంట్లో కీ రాసే చోటే లేదు.

ఆ రేట్ల టేబుల్‌లోనే చూద్దాం. ప్రతి కౌంట్‌కీ రెండు వరసలు కావాల్సి వచ్చింది. మొదటి వరసలో రేట్లు, దాని కింద వరసలో "రంగు తగ్గితే రేటు తగ్గుతుంది" లాంటి గమనిక. కౌంట్ల జాబితా మీద మ్యాప్ (ఒక్కోదానికీ ఒకే పని చేసే ఫంక్షన్) తిప్పుతూ, ఒక్కో కౌంట్‌కి రెండు టీఆర్‌లు ఇవ్వాలి. రెండింటినీ కట్టాలి, ఆ కట్టకి కీ ఉండాలి. కాబట్టి పేరుతో ఫ్రాగ్మెంట్ రాసి, దానికి కౌంట్‌నే కీగా ఇచ్చాను.

ఇక్కడ పిల్లలు తరచుగా చేసే పొరపాటు: బయట <> పెట్టి, లోపలి రెండు టీఆర్‌లకీ కీలు ఇస్తారు. హెచ్చరిక పోలేదని తలపట్టుకుంటారు. రియాక్ట్ కీ వెతికేది మ్యాప్ నేరుగా ఇచ్చిన దాని మీద. మ్యాప్ ఇచ్చింది ఫ్రాగ్మెంట్‌ని, కీ దానికే ఉండాలి. లోపలి రెండు టీఆర్‌లూ ఎప్పుడూ అదే క్రమంలో ఉంటాయి, వాటికి కీ అక్కర్లేదు.

## కీగా వరస నంబర్ ఇచ్చేస్తే హెచ్చరిక పోతుంది కదా?

పోతుంది. తప్పు మాత్రం పోదు, దాక్కుంటుంది.

వ్యాపారి దగ్గర గుమస్తా పొద్దున్నే రేట్లు టైప్ చేసే స్క్రీన్ ఊహించుకోండి. ఒక్కో కౌంట్‌కీ ఒక ఇన్‌పుట్, అందులో టైప్ చేసిన అంకె ఆ ఇన్‌పుట్ దగ్గరే ఉంటుంది, ఇంకా సేవ్ చెయ్యలేదు. పైన 40 కౌంట్, దాని కింద 50. రెండింటికీ రేటు కొట్టాడు. ఇంతలో 30 కౌంట్ సరుకు కూడా ఉందని తెలిసి "కొత్త కౌంట్" బటన్ నొక్కాడు. 30 వచ్చి అన్నిటికన్నా పైన కూర్చుంది.

కీ వరస నంబరైతే రియాక్ట్ దృష్టిలో సున్నా నంబర్ వరస పాత సున్నా నంబర్ వరసే. పక్కనున్న కౌంట్ పేరు 40 నుంచి 30 అవుతుంది, ఇన్‌పుట్‌లో టైప్ చేసిన అంకె మాత్రం అక్కడే ఉండిపోతుంది. అంటే 40 కౌంట్‌కి కొట్టిన రేటు 30 పక్కన, 50కి కొట్టింది 40 పక్కన కనిపిస్తాయి. గుమస్తా చూసుకోకుండా సేవ్ నొక్కితే తప్పు రేట్లు బయటికి వెళ్తాయి. కౌంట్‌నే కీగా ఇస్తే ఏ రేటైనా తన వరసతో పాటే కిందకి జరుగుతుంది.

జాబితా ఎప్పటికీ మారదు, మధ్యలో ఏదీ చేరదు, క్రమం మారదు అని ఖాయంగా తెలిస్తే వరస నంబర్ వాడుకోవచ్చు. అంత ఖాయంగా చెప్పగలిగిన జాబితా నా పనిలో తక్కువ.

## ఫ్రాగ్మెంట్‌కి క్లాస్, స్టైల్, క్లిక్ ఇవ్వొచ్చా?

ఇవ్వలేం. పేజీలో లేనిదానికి రంగు ఎక్కడ వేస్తాం? కీ, లోపలి పిల్లలు తప్ప ఇంకేం ఇచ్చినా కన్సోల్‌లో హెచ్చరిక వస్తుంది, పని జరగదు. క్లిక్ కావాలంటే లోపలి ఎలిమెంట్‌కి ఇవ్వండి, లేదా నిజంగా ఒక ఎలిమెంట్ పెట్టండి.

## అయితే డివ్‌లన్నీ తీసేసి ఫ్రాగ్మెంట్లే పెట్టాలా?

వద్దు. ఈ ప్రశ్నకి కొంచెం నిదానంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఫ్రాగ్మెంట్ నేర్చుకున్న కొత్తలో మావాళ్లు కనిపించిన డివ్‌నల్లా పీకేస్తారు.

గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మా వైపు వచ్చే కాలువల మీద లాకులు ఉన్నాయి. ఒకప్పుడు పడవలు వాటి గుండానే వెళ్లేవి. లాకు ఎక్కడపడితే అక్కడ కట్టరు. నీటి మట్టం మారే చోట కడతారు, పైనున్న పడవని కిందకీ, కిందున్నదాన్ని పైకీ దాటించడానికి. డివ్‌ని కూడా నేను అలాగే చూస్తాను. అక్కడ ఏదో ఒకటి మారాలి. బ్యాక్‌గ్రౌండ్ రంగు, అంచు, లోపలి ఖాళీ, స్క్రోల్, గ్రిడ్ మొదలవడం, క్లిక్ పట్టుకోవడం, కొలత తీసుకోవడానికి రెఫ్ (ఆ ఎలిమెంట్‌ని కోడ్ నుంచి అందుకునే పిడి). వీటిలో ఏదైనా ఉంటే డివ్ ఉండాల్సిందే. ఏదీ లేకపోతే ఫ్రాగ్మెంట్.

ఇంకో సంగతి. కొన్నిచోట్ల డివ్ తీసి ఫ్రాగ్మెంట్ పెట్టడం కన్నా, డివ్ తీసి సరైన ట్యాగ్ పెట్టడం మేలు. "నగదు", "బ్యాంకు", "యూపీఐ" అని మూడు రేడియో బటన్లు ఉన్నాయనుకోండి. అవి ఒక గుంపు అని స్క్రీన్ రీడర్‌కి కూడా తెలియాలి. అక్కడ ఫీల్డ్‌సెట్, లెజెండ్ పెట్టాలి. ఫ్రాగ్మెంట్ పెడితే ఆ మూడింటికీ ఉన్న సంబంధం పేజీలో ఎక్కడా ఉండదు. అలాగే వార్త ఒకటి ఉంటే ఆర్టికల్, మెనూ ఉంటే నావ్. గుంపుకి అర్థం ఉంటే ఆ అర్థాన్ని మోసే ట్యాగ్ వాడాలి. కోడ్ సౌకర్యం కోసం మాత్రమే కట్టిన గుంపుకే ఫ్రాగ్మెంట్.

## సీఎస్ఎస్‌లో డిస్‌ప్లే కంటెంట్స్ పెడితే ఇదే పని అవుతుంది కదా?

సగం అవుతుంది. డిస్‌ప్లే కంటెంట్స్ ఇస్తే ఆ డివ్‌కి పేజీ మీద పెట్టె గీయబడదు, దాని పిల్లలు గ్రిడ్‌లో నేరుగా కూర్చున్నట్టే కనిపిస్తాయి. డివ్ మాత్రం డామ్‌లో ఉంటుంది. "నేరు పిల్ల" సెలెక్టర్‌కి మధ్యలో అది కనిపిస్తూనే ఉంటుంది. సర్వర్ నుంచి వచ్చిన టేబుల్ చెదిరే సమస్య కూడా తీరదు, ఎందుకంటే హెచ్‌టీఎమ్ఎల్ చదివే సమయానికి సీఎస్ఎస్‌తో పనే లేదు.

టేబుల్, జాబితా, బటన్ లాంటి అర్థమున్న ట్యాగులకి దీన్ని పెట్టినప్పుడు, కొన్ని బ్రౌజర్లు ఆ అర్థాన్ని స్క్రీన్ రీడర్‌కి చెప్పకుండా మింగేసిన చరిత్ర ఉంది. కాబట్టి ఉత్త డివ్‌కి తప్ప ఇంకదేనికీ నేను పెట్టను. ఇంకొకరి కాంపోనెంట్ నుంచి వచ్చే డివ్‌ని మనం తీయలేని పరిస్థితిలో ఇది పనికొస్తుంది. కోడ్ మన చేతిలో ఉంటే ఫ్రాగ్మెంటే.

## లేఅవుట్ కాంపోనెంట్ నా పిల్లల్ని తప్పుగా లెక్కపెడుతోంది. ఎందుకు?

వాటిని ఫ్రాగ్మెంట్‌లో కట్టి ఇచ్చారేమో చూడండి. తన చిల్డ్రన్‌ని (తన లోపల పెట్టిన ఎలిమెంట్లని) ఒక్కొక్కటిగా తీసుకుని ఒక్కోదాన్నీ ఎల్ఐలో పెట్టే కాంపోనెంట్లు ఉంటాయి. మూడు ఎలిమెంట్లు ఫ్రాగ్మెంట్‌లో ఉంటే రియాక్ట్ చిల్డ్రన్ లెక్కలో అది ఒక్కటే. ముడి విప్పి లోపల చూడదు. మూడూ ఒకే ఎల్ఐలో పడతాయి. అలాంటి కాంపోనెంట్ రాసేటప్పుడు పిల్లల్ని తవ్వి లెక్కపెట్టే బదులు, ఒక అర్రేని ప్రాప్‌గా (బయటి నుంచి ఇచ్చే విలువగా) తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

## ఫ్రాగ్మెంట్ పెట్టినా, తీసినా లోపలి స్టేట్ పోతుందా?

స్టేట్ అంటే కాంపోనెంట్ గుర్తుపెట్టుకున్నది, టైప్ చేసిన మాట లాంటిది. ఒక్క పొర వరకు అది పోదు. ఫారం ఒక్కటే ఒకసారి నేరుగా, ఇంకోసారి ఒక ఫ్రాగ్మెంట్‌లో వచ్చినా టైప్ చేసింది అలాగే ఉంటుంది. ఫ్రాగ్మెంట్ లోపల ఫ్రాగ్మెంట్, దాని లోపల ఫారం, ఇంకోసారి నేరుగా ఫారం అయితే స్టేట్ మొదటికొస్తుంది. ఫ్రాగ్మెంట్‌లో ఫారానికి ముందు ఒక బ్యానర్ వచ్చి చేరినా అంతే, ఫారం చోటు మారింది కాబట్టి.

## వ్యూ, ఆంగ్యులర్, స్వెల్ట్ వాడేవాళ్ల సంగతి?

ఇవీ రియాక్ట్ లాంటి పనిముట్లే. వ్యూ 2లో ప్రతి కాంపోనెంట్‌కీ ఒకే వేరు (రూట్) ఎలిమెంట్ ఉండి తీరాలి. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన వ్యూ 3 నుంచి టెంప్లేట్‌లో ఎన్ని ఎలిమెంట్లైనా పక్కపక్కన రాసుకోవచ్చు, ప్రత్యేకంగా ఫ్రాగ్మెంట్ ట్యాగ్ కూడా రాయక్కర్లేదు. ఒక్క చోట జాగ్రత్త పడాలి. బయటి నుంచి క్లాస్ ఇస్తే, వేరు ఒక్కటే ఉన్నప్పుడు అది దానంతటదే దానికి అంటుకుంటుంది. వేర్లు రెండైతే దేనికి అంటించాలో వ్యూకి తెలియదు, హెచ్చరించి వదిలేస్తుంది. ఏ ఎలిమెంట్‌కి ఇవ్వాలో మనమే $attrs ని (బయటి నుంచి వచ్చిన ఆట్రిబ్యూట్లని) బైండ్ చేసి చెప్పాలి. జాబితా తిప్పుతూ రెండు టీఆర్‌లు ఇవ్వాలంటే టెంప్లేట్ ట్యాగ్ మీద వీ-ఫర్ పెట్టాలి. వ్యూ 3లో కీ కూడా ఆ టెంప్లేట్ మీదే పెట్టాలి.

ఆంగ్యులర్‌లో ఎన్‌జీ-కంటైనర్ ఉంది. పేజీలో ఎలిమెంట్ ఏమీ రాదు, ఒక కామెంట్ గుర్తు మాత్రం మిగులుతుంది. ఆంగ్యులర్ నేర్చుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది: కాంపోనెంట్‌కి సొంత ట్యాగ్ పేజీలో ఉంటుంది. టేబుల్ వరసని కాంపోనెంట్‌గా చేస్తే ఆ సొంత ట్యాగే మధ్యలో అడ్డొస్తుంది. అందుకని సెలెక్టర్‌ని ఆట్రిబ్యూట్‌గా పెట్టి, దాన్ని నేరుగా టీఆర్‌కే తగిలిస్తారు.

స్వెల్ట్‌లో ఈ గొడవ మొదట్నుంచీ లేదు, ఎన్ని ఎలిమెంట్లైనా వరసగా రాసుకోవచ్చు. ప్రియాక్ట్‌లో రియాక్ట్ లాంటి ఫ్రాగ్మెంటే 2019లో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఉంది.

## డాక్యుమెంట్ ఫ్రాగ్మెంట్, రియాక్ట్ ఫ్రాగ్మెంట్ ఒకటేనా?

పేరు కలిసింది, ఆలోచనా దగ్గరిదే, వస్తువులు వేరు. డాక్యుమెంట్ ఫ్రాగ్మెంట్ బ్రౌజర్‌లోని నిజమైన నోడ్ (డామ్‌లో ఉండే వస్తువు). 1998 నాటి మొదటి డామ్ ప్రమాణంలోనే ఉంది. దాంట్లో కొన్ని ఎలిమెంట్లు పోగేసి పేజీలో కలిపితే, ఎలిమెంట్లు పేజీలోకి వెళ్తాయి, ఫ్రాగ్మెంట్ ఖాళీ అవుతుంది. రియాక్ట్ ఫ్రాగ్మెంట్ రియాక్ట్ లెక్కల పుస్తకంలో ఒక పద్దు మాత్రమే. రియాక్ట్‌తో పని చేసేటప్పుడు మొదటిది మీ చేతికి రాదు.

## ఫ్రాగ్మెంట్ వాడితే పేజీ వేగం పెరుగుతుందా?

చిన్న పేజీలో మీకు తేడా తెలియదు. పది కౌంట్ల టేబుల్‌లో పది డివ్‌లు తీసినంత మాత్రాన ఎవరి ఫోనూ వేగంగా పరిగెత్తదు. వందల వరసలు, ఒక్కో గడి చుట్టూ మూడేసి పనిలేని డివ్‌లు ఉంటే అప్పుడు లెక్క వేరు. బ్రౌజర్ ప్రతి నోడ్‌కీ స్టైల్ లెక్కగట్టాలి, చోటు లెక్కగట్టాలి, గుర్తుపెట్టుకోవాలి. క్రోమ్‌లో పేజీ నాణ్యత కొలిచే లైట్‌హౌస్ పేజీలో ఎన్ని నోడ్లు ఉన్నాయో చూపిస్తుంది, మరీ ఎక్కువైతే హెచ్చరిస్తుంది. చెరువు గట్టు మీద పాత ఫోన్‌లో, రెండు గీతల సిగ్నల్‌లో తెరిచే పేజీ చేస్తున్నప్పుడు నేను ఆ అంకె చూసుకుంటాను. వేగం కోసమే ఫ్రాగ్మెంట్ వాడమని మాత్రం చెప్పను. సరైన మార్కప్ కోసం వాడండి.

## పాత ప్రాజెక్టులో <> రాస్తే ఎర్రర్ వస్తోంది. ఏం చెయ్యాలి?

రెండు వెర్షన్లు చూడండి. ఫ్రాగ్మెంట్, ఈ పొట్టి రాతా 2017 నవంబర్‌లో రియాక్ట్ 16.2తో వచ్చాయి. జేఎస్ఎక్స్‌ని మామూలు జావాస్క్రిప్ట్‌గా మార్చే బేబెల్ అయితే, పొట్టి రాతకి ఏడో వెర్షన్ కావాలి. రియాక్ట్ సరిపోయి బేబెల్ పాతదైతే, పేరుతో ఫ్రాగ్మెంట్ రాస్తే సరిపోతుంది, అది మామూలు ట్యాగ్ లాగే ఉంటుంది కాబట్టి. 2017 సెప్టెంబర్‌లో వచ్చిన 16.0లో ఇరుక్కుని ఉంటే అర్రేలు ఇవ్వొచ్చు. కాకపోతే ప్రతిదానికీ కీ, మధ్యలో కామాలు, మాటలకి కోట్లు, రాయడానికి విసుగు. అంతకన్నా పాతదైతే డివ్ తప్పదు. వీలైతే ప్రాజెక్టునే పైకి తేవాలి.

## ఇప్పటికే డివ్‌లతో నిండిన ప్రాజెక్టుని ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు కన్సోల్. "దీని లోపల ఇది ఉండకూడదు" అన్న హెచ్చరికలున్న చోట్లు మొదట సరిచెయ్యండి. అవి అందం సంగతి కాదు, పేజీ తప్పు చెప్పగలిగే చోట్లు. తర్వాత టేబుళ్లు, జాబితాలు, గ్రిడ్లు. మిగతావి ఆ ఫైల్‌లో వేరే పని పడినప్పుడు చూసుకోవచ్చు. డివ్‌లు తీయడమే పనిగా వారం రోజులు కూర్చోవాల్సిన అవసరం లేదు.

ఒక్కో డివ్ తీసేముందు దానికి క్లాస్ ఉందా, ఉంటే ఆ క్లాస్‌కి సీఎస్ఎస్‌లో ఏదైనా రాసి ఉందా వెతకండి. క్లాస్ లేకపోయినా ధీమా వద్దు. తల్లి ఎలిమెంట్ ఫ్లెక్స్ అయితే ఆ డివ్ వల్లే రెండు ముక్కలు ఒకదాని కింద ఒకటి ఉండొచ్చు, తీయగానే పక్కపక్కకి వస్తాయి. ఒకటి తీయండి, పేజీ చూడండి, కమిట్ చెయ్యండి, తర్వాతది. ఒకేసారి ఇరవై తీసి లేఅవుట్ ఎందుకు వంకరైందో వెతకడం చాలా కష్టం, మా దగ్గర ఒక అబ్బాయి ఒక ఆదివారమంతా అదే పనిలో ఉన్నాడు.

టేబుల్ సరిచేశాక కంటితో చూసి వదిలేయకండి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్) పెట్టి గడి గడికీ వెళ్లండి. ఆ రొయ్యల పేజీని నేను అలా చూశాను. 40 కౌంట్ వరసలో మూడో గడి మీద వేలు పెట్టి, అది ఈరోజు రేటుని ఈరోజు రేటుగా చదవడం విన్నాకే ఆ రైతుకి ఫోన్ చేసి పేజీ మళ్లీ తెరవమన్నాను.